పిస్టను మీద పసుపు ముద్ద

"అమ్మమ్మా, తాతయ్య ఇంజన్లో పిండి ముద్ద పెట్టి చూసేవాడంట గదా. అమ్మ చెప్పింది. ఎందుకు?"

ఎందుకేంట్రా. నువ్విప్పుడు ఏది చూడకుండా మూత బిగించెయ్యబోతున్నావో, అది చూడ్డానికే. ఉండు, నా మాటలు రికార్డు చేసే ఆ ఫోను కాస్త దూరంగా పెట్టు, నోట్లో పెట్టినట్టు పెడతావేం. ఆఁ, అక్కడ. పొద్దుట్నించీ చూస్తున్నాను, ఆ పాత కారు ఇంజను వాకిట్లో విప్పి పోసుకొని కూర్చున్నావు. పెట్టెలోంచి పిస్టన్లు తీసి తుడుస్తున్నావు. కంపెనీవేనా నాయనా అంటే, కాదమ్మమ్మా, బయటివి, ఇవింకా మంచివి అన్నావు. ఆ మాట నేను ఇదివరకు ఒకసారి విన్నానురా. "ఇవింకా మంచివి" అని అచ్చం నీలాగే అన్నాడు రంగారావు. అప్పుడు మీ పెద్దమామయ్య నా కడుపులో ఉన్నాడు.

యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం ఇంకా రాలేదు, ఆ మధ్యన. సంవత్సరం అడక్కు, నాకు సంవత్సరాలు గుర్తుండవు, కాన్పులు గుర్తుంటాయి. అప్పుడు విజయవాడ అనేవాళ్ళం కాదు, బెజవాడే. బందరు రోడ్డు మీద, కాలవ దగ్గర, మీ తాతయ్య షెడ్డు. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర సిగ్నలు పడితే నుంచుని తిట్టుకుంటావు గదా, అక్కడప్పుడు వరి చేలు. ముందు రేకుల షెడ్డు, వెనకాల ఒక గది, గదికి తాటాకు దడి. ఆ గదిలో మేమిద్దరం. మీ తాతయ్య మోటారు మేస్త్రీ. మంచి మేస్త్రీయే గానీ నోరు మంచిది కాదు. ముక్కు మీద కోపం. నాకంటే తెలిసినవాడు బెజవాడలో ఎవడున్నాడు అని రోడ్డు మీద పోయేవాళ్ళకి వినపడేటట్టు అనేవాడు. ఆ మాట ఆయన అంటే నాకు ముద్దుగానే ఉండేదనుకో. కొత్త పెళ్ళాన్ని గదా.

స్థలం మాది కాదు. ఒక కామందుగారిది. పేరెందుకులే, ఆయన మునిమనవలు ఇక్కడే తిరుగుతున్నారు, మంచి పిల్లలే పాపం. చల్లపల్లి అవతల ఏదో ఊరు వాళ్ళది. బోలెడంత మాగాణి, బోలెడంత డాబు, ఒక్క కారు. అమెరికా కారు, ఆరు సిలిండర్లది. యుద్ధంలో పెట్రోలు దొరక్క దాని వెనకాల బొగ్గుల కొలిమి కట్టించి, ఆ బొగ్గు గ్యాసుతో నడిపించాడు. నవ్వకు, నిజమేరా. బస్సులు కూడా అట్లాగే నడిచేవి. మధ్య మధ్య దిగి కొలిమి ఎగదోసేవాళ్ళు. కామందుగారు తెల్లపంచెతో ఎక్కి బూడిద రంగు పంచెతో దిగేవాడు, అయినా కార్లోనే వచ్చాననేవాడు. ఆ మసంతా లోపలికి పోయి పోయి ఇంజను అరిగిపోయింది. దగ్గింది, తుమ్మింది, ఒకనాడు ఆగిపోయింది. ఎడ్లని కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు.

ఆగిపోతే ఆగిపోయింది, బాగు చేయించుకుంటాడు, దాంట్లో ఏముంది అంటావు. అక్కడే ఉంది. బందర్లో కలెక్టరు దొర తేనీటి విందు ఇస్తున్నాడు, పెద్ద పెద్ద ఆసాములందరికీ పిలుపులొచ్చాయి. ఈయన పెదనాన్న కొడుకు కొత్త కారులో వస్తున్నాడని తెలిసింది. కిందటిసారి విందుకి ఈయన గూడుబండిలో వెళ్తే, గేటు దగ్గర బంట్రోతు ఎడ్లని వెనకవైపు కట్టుకోమన్నాడట. అనుమానం ఎందుకని ఎడ్లతో పాటు ఈయన్నీ వెనకవైపుకే పంపించాడట. విందు అయ్యేదాకా ఈయన వంటవాళ్ళ దగ్గర నిలబడి టీ తాగాడని ఊరూరా చెప్పుకున్నారు. పెదనాన్న కొడుకే చెప్పించాడని ఈయన అనుమానం. నిజమే అయ్యుంటుంది.

అందుకని షెడ్డుకొచ్చి మీ తాతయ్యతో అన్నాడు. "విందునాటికి నా బండి బందరు గేట్లో ముందువైపు నుంచి పోవాలి మేస్త్రీ. పోయిందా, నువ్వూ నీ పెళ్ళామూ ఇక్కడే ఉండండి, నేను అడగను. పోలేదా, బియ్యం మిల్లువాడు ఈ స్థలం అడుగుతున్నాడు, ఖాళీ చెయ్యి." అంతే. తువ్వాలు దులుపుకొని వెళ్ళిపోయాడు. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. తలుపు చాటున నిలబడి విన్నాను. కొండపల్లి పుట్టింటికి వెళ్ళి పురుడు పోసుకోవచ్చు, అమ్మ రమ్మంటూనే ఉంది. కానీ పిల్లాడ్ని ఎత్తుకుని తిరిగి ఎక్కడికి రావాలి?

మీ తాతయ్య ఆ కబురుకి బెదరలేదు, పైకి. ఇంజను విప్పాడు. పిస్టన్లు పనికిరావన్నాడు. కంపెనీ పిస్టన్లు కావాలంటే అమెరికా నుంచి ఓడ రావాలి, ఆ ఓడ యుద్ధంలో మునిగిందో, దారిలో ఉందో ఎవరికీ తెలియదు. అప్పుడు దిగాడు రంగారావు. కామందుగారి బావమరిది. ఆయన ఉద్యోగం కూడా అదే, బావమరిదిగా ఉండటం. యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు మిగిలిన సామాను వేలం వేసేవాళ్ళు. బూట్లు, డేరాలు, లారీ ముక్కలు, అన్నీ. డిస్పోజల్సు అనేవాళ్ళం. మా అన్నయ్య అందులో కొన్న కంబళి ముప్పయ్యేళ్ళు కప్పుకున్నాడు, చిరగలా, వాడే ముందు పోయాడు. సరే, ఆ వేలంలో రంగారావు పిస్టన్లు కొనుక్కొచ్చాడు. చెక్కపెట్టె, మైనం కాగితం, లోపల అద్దంలా మెరుస్తూ పిస్టన్లు.

"కంపెనీ సరుకు ఏ మూలకి మేస్త్రీ. ఇవింకా మంచివి. మిలటరీ లారీవి. ఎత్తుగా ఉన్నాయి చూడు, ఎత్తెంత ఎక్కువుంటే జోరంత ఎక్కువ" అన్నాడు. ఎవరు చెప్పారండీ అంటే, చూస్తే తెలియట్లా అన్నాడు.

మీ తాతయ్య పెట్టి చూశాడు. పిస్టను ఆడే బోరులో సరిగ్గానే పట్టాయి. రింగుని బోరులో పెట్టి దాని రెండు కొసల మధ్యా రేకు దూర్చి సందు చూశాడు, బాగుంది. కింద బేరింగుల్లో సిగరెట్టు పెట్టెలో కాగితం ముక్క పెట్టి బిగించి చూశాడు, బాగుంది. ఇంక మిగిలింది పైభాగం. పిస్టను పైకొచ్చే వేళకి వాల్వు కిందికి దిగి ఉంటుంది గదా, ఆ రెండిటికీ మధ్య చోటుండాలి. కంపెనీ పిస్టనయితే ఆ చోటు వాళ్ళే చూసి చేస్తారు. బయటిది ఏ బండి కోసం చేశారో, ఎంత ఎత్తు చేశారో మనకేం తెలుసు. చోటు లేకపోతే వాల్వు వచ్చి పిస్టను నెత్తిన కొడుతుంది. వాల్వు వంగుతుంది, పిస్టను పగులుతుంది, ఇంజను చేతికొస్తుంది. మూత బిగించాక లోపలికి చూడలేవు. అందుకనే ముద్ద. పిస్టను నెత్తిన మెత్తటి ముద్ద పెట్టి, మూత బిగించి, హ్యాండిలుతో మెల్లిగా చేత్తో తిప్పి, మళ్ళీ మూత తీస్తే ముద్ద మీద వాల్వు అచ్చు పడుంటుంది. దాన్ని కోసి, అచ్చు కింద ఎంత మందం మిగిలిందో చూసుకోవాలి. అణా బిళ్ళంత మందమన్నా ఉండాలనేవాడు. అణా బిళ్ళ నువ్వు చూళ్ళేదులే. నీ గోరుకి రెండింతలనుకో.

మొదట్లో, వేరే బండికి, నా పుట్టింటి మక్కు పెట్టాడు. మక్కంటే తెలుసుగా, కొండపల్లి బొమ్మలకి చెయ్యీ కాలూ అతికే ముద్ద. చింతగింజల పొడిలో రంపప్పొట్టు కలిపి చేస్తారు. మా నాన్న చేసిన ఏనుగు అంబారీ ఊడిందంటే వినలా నేను. మీ తాతయ్య అది పెట్టి భోజనానికొచ్చాడు, ఆ పూట చేపల పులుసు, తిరిగి వెళ్ళేసరికి ముద్ద పిస్టనుకి అంబారీలాగే అతుక్కుపోయింది. ఉలితో చెక్కాల్సొచ్చింది. మీ నాన్నని ఇంజన్లు చెయ్యమనవే, ఊడవు, అన్నాడు. అప్పట్నించీ పిండి ముద్ద. గోధుమ పిండి రేషను, దొరకదు. బియ్యప్పిండే ఉడకేసి ఇచ్చాను.

ఆవేళ అమావాస్య. నాకు తెలుసు, ఆయనకి తెలియదు. తెలిసినా ఆగడు. పిండి మూడు ముద్దలకే వచ్చింది, సరే మూడిట్లో చూద్దాం అన్నాడు. అంటుకోకుండా నువ్వుల నూనె రాశాడు. మూత బిగించాడు, తిప్పాడు, మూత తీశాడు. ముద్దలు పైకి తీసి కింద పెడితే ఇసక అంటుతుందని నేనే అరిటాకు ముక్క తెచ్చిచ్చాను. ఆయన కత్తి నూరుకుంటున్నాడు కొయ్యడానికి.

ఇప్పుడు గుమ్మంలోకొచ్చి నిలబడ్డవాడి కళ్ళతో చూడు. అమావాస్య, మిట్టమధ్యాన్నం. మా షెడ్డు దక్షిణం మొహం, కాబట్టి మనిషీ దక్షిణం మొహమే. ఉక్కకి చొక్కా విప్పేశాడు, భుజాన తడి తువ్వాలు. ఉంగరపు వేలు తెగితే దానికి నారతాడు చుట్టుకున్నాడు. ముందు అరిటాకు. ఆకులో వరసగా మూడు బియ్యప్పిండి ముద్దలు, నూనె రాసి, పైన నల్ల నువ్వులు. నువ్వులు కాదు నాయనా, ఇంజన్లో మసి రేణువులు అంటుకున్నాయి. జట్కా దిగొచ్చిన కామందుగారికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆయన వెనకాల రంగారావు. వాళ్ళ వెనకాల పురోహితుడు శాస్త్రిగారు, బండి స్టార్టు చెయ్యడానికి ముహూర్తం పెడదామని తీసుకొచ్చారు.

"ఏంట్రా ఇవి? ఎవరికిరా పెడుతున్నావు?" అన్నాడు కామందుగారు.

మీ తాతయ్య తలెత్తలేదు. "తమ బండికేనండీ. ఇంకో మూడు పెట్టాలి గానీ పిండి చాల్లేదు" అన్నాడు.

అయిపోయింది. కామందుగారు స్తంభం పట్టుకున్నాడు. "మా తాతకొకటి, ముత్తాతకొకటి. ఆ మూడోది ఎవరికిరా మేస్త్రీ? మా నాన్న మంచంలో ఉన్నాడు గానీ గంజి తాగుతున్నాడురా. బతికున్నవాడికి పిండం పెడతావా? అదీ మోటారు షెడ్డులోనా?"

మీ తాతయ్య లేచి వాల్వు అన్నాడు, పిస్టను అన్నాడు, మందం అన్నాడు. ఎవరు వింటారు? పైగా కత్తి చేత్తో పట్టుకునే చెప్తున్నాడు, "ఒక్కసారి కోసి చూసుకోనివ్వండి బాబుగారూ" అని. పిండాన్ని కోస్తానంటున్నాడని కామందుగారికి చెమటలు పట్టాయి. రంగారావు బావగారికి విసురుతూ, నా పిస్టన్లు మంచివని చెప్తే వినకుండా ఈ క్షుద్రపనులు చేస్తున్నాడు బావా అని ఎగదోశాడు.

శాస్త్రిగారు మాత్రం తెలివైన మనిషి. ఆకు వంక చూశాడు, ఇంజను వంక చూశాడు, కామందుగారి మొహం చూశాడు. ఏ వైపు మాట్లాడాలో ఆ వైపు మాట్లాడాడు. "తెలియక చేశాడు. కానీ పెట్టింది పెట్టినట్టే లెక్క. పారెయ్యకూడదు, కోయకూడదు. కాకులకి పెట్టించండి" అన్నాడు.

మా దడి మీద కాకుల్ని పిలవనక్కర్లేదు. ఆకు పెట్టీ పెట్టగానే రెండు ముద్దలు ఎగరేసుకుపోయాయి. మూడోది ముట్టలేదు. చూశారా, బతికున్నవారి జోలికి రాలేదు, అదీ శాస్త్రం అన్నాడు శాస్త్రిగారు. కామందుగారికి ప్రాణం కుదుటపడింది. ఆయన అటు తిరిగాడో లేదో ఒక ముసలి కాకి కుంటుకుంటూ వచ్చి మూడోదీ తన్నుకుపోయింది. ఇంక చూడు. అప్పటికప్పుడు మనిషిని బస్సెక్కించి ఊరికి పంపించారు, పెద్దాయన ఎలా ఉన్నాడో కనుక్కురమ్మని. ఆ మనిషి మర్నాడొచ్చి చెప్పాడు, మజ్జిగ పుల్లగా ఉందని చెంబు విసిరికొట్టాడట పెద్దాయన. బాగున్నాడన్నమాట. ఆ ముసలాయన ఆ తర్వాత చాలాకాలం బతికి, కొడుకుని కాల్చుకు తిన్నాడు.

మన సంగతేమయింది? ముద్దలు కాకుల పొట్టలోకి పోయాయి, అచ్చులతో సహా. పుణ్యాహవాచనమని శాస్త్రిగారు మామిడాకుతో సిలిండర్లలో పసుపునీళ్ళు చల్లాడు. ఇనుము మీద నీళ్ళు చల్లితే తుప్పు పడుతుందని మీ తాతయ్య పళ్ళు నూరుకుంటూ వెనకాలే గుడ్డతో తుడుచుకుంటూ వెళ్ళాడు, ఆయన చల్లటం, ఈయన తుడవటం. ఇంక ఈ బండిలో ముద్దన్న మాట వినపడకూడదని ఆజ్ఞ. ముహూర్తం కూడా దగ్గర్లోనే పెట్టేశారు.

వాళ్ళు వెళ్ళాక మీ తాతయ్య గడప మీద కూలబడ్డాడు. "చూడకుండా మూత వెయ్యనే. వేస్తే ఇంజను పగులుతుంది. వెయ్యకపోతే ముహూర్తం దాటుతుంది. రెండిట్లో ఏదయినా షెడ్డు పోతుంది" అన్నాడు. అంత నోరున్న మనిషి అట్లా మెల్లిగా మాట్లాడితే నాకు ఏడుపొచ్చింది. భయం కూడా వేసింది. కడుపులో వాడు తన్నుతున్నాడు. ఏడిస్తే పిల్లాడికి మంచిది కాదంటారని ఏడుపు ఆపుకొని ఆలోచించాను.

ముహూర్తం ముందు రోజు వాళ్ళు మళ్ళీ వచ్చారు, మూత వేస్తుంటే దగ్గరుండి చూస్తామని. నేను కొంగు కప్పుకొని గుమ్మంలోకొచ్చాను. "పెద్దవారు, నాకు తెలియక అడుగుతున్నాను శాస్త్రిగారూ, మొన్న అపశకునం జరిగింది గదా, మూతవేసే ముందు లోపల పసుపు గణపతిని పెట్టి పూజ చెయ్యక్కర్లేదాండీ?" అన్నాను.

ఏ పనికైనా ముందు పసుపు ముద్ద చేసి గణపతి అని కొలుస్తాం గదా. అది వద్దనే మొనగాడు కృష్ణాజిల్లాలో పుట్టలేదు. శాస్త్రిగారు నా వంక చూశాడు. మీ తాతయ్య వంక చూశాడు. మీసం లేదు గానీ ఉంటే దువ్వుకునేవాడు. "అవశ్యం చెయ్యాలి తల్లీ" అన్నాడు. కామందుగారు నన్ను చూసి, మీ ఆయనకంటే నీకు బుద్ధుంది అన్నాడు.

ఉత్త పసుపయితే పొడిపొడిగా రాలుతుంది, అచ్చు నిలవదు. సగం బియ్యప్పిండి కలిపి ఉడికించి తెచ్చాను. ఈశాన్యం సిలిండరు ఏదని శాస్త్రిగారు అడిగితే, మొదటిదేనండీ అన్నాడు మీ తాతయ్య. దిక్కులు మీ తాతయ్యకి ఏం తెలుసు, హ్యాండిలుకి దగ్గరగా ఉన్నదాన్ని చూపించాడు. అందులో గణపతిని కూర్చోబెట్టారు, అక్షింతలు మాత్రం వెయ్యనివ్వలేదు, బియ్యపు గింజ అడ్డం పడితే లెక్క తప్పుతుందని. గణపతికి ప్రదక్షిణం మనం చెయ్యటం గాదు, ఇక్కడ ఇంజనే చేస్తుందండీ అన్నాడు మీ తాతయ్య, నవ్వు రాకుండా. మూత బిగించాడు. శాస్త్రిగారు మంత్రం చదువుతుంటే హ్యాండిలు తిప్పాడు. రెండు చుట్లు చాలు గానీ, శాస్త్రిగారు మూడనడంతో ఇంకోటి తిప్పాడు.

మూత తీశారు. ముద్ద మీద గుండ్రంగా వాల్వు అచ్చు, లోతుగా దిగింది. మీ తాతయ్య చెయ్యి చాపాడు. కామందుగారు ఆ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసుకొని చూస్తున్నాడు.

"చక్రం" అన్నాడు. "శాస్త్రిగారూ, చక్రం పడింది."

శాస్త్రిగారు వంగి చూశాడు. కాదంటే సంభావన పోతుంది. "సాక్షాత్తూ చక్రమే" అన్నాడు. రంగారావు ఛాతీ విరుచుకొని, నా పిస్టన్లని దేవుడే ఒప్పుకున్నాడు బావా, ఇంక వీటిని ముట్టుకోనివ్వకు అన్నాడు. అచ్చు ఎంత లోతుగా పడితే అంత ప్రమాదం నాయనా. వాళ్ళేమో లోతుగా పడిందని మురిసిపోతున్నారు. కోసి చూడాలండీ అంటే, గణపతికి కత్తి పెడతావా అని ముగ్గురూ మీదపడ్డారు.

ఉద్వాసన చెప్పాక పసుపు ముద్దని ముత్తైదువలు తీసుకుంటారు గదా, తాళికి రాసుకోవడానికి. నేను ఒడి పట్టాను. "కడుపుతో ఉన్నదాన్ని, నాకిప్పించండి" అన్నాను. కాదంటాడా? శాస్త్రిగారు తనే స్వయంగా, అచ్చు చెదరకుండా, నా ఒళ్ళో పెట్టాడు. చెదరకుండా అన్నాను, విన్నావా. ఆయనకి ముందే తెలుసు.

గదిలోకి పోయి తలుపేసుకొని, దారం తీసుకొని ముద్దని మధ్యకి కోశాను. ఉడికిన గుడ్డుని కోస్తాం చూడు, అట్లా. అచ్చు కింద ఏముంది? ఉల్లిపొర. అంతే. దాంట్లోంచి వెలుగు కనపడుతోంది. మంచినీళ్ళ చెంబుతో బయటికొచ్చి, మీ తాతయ్యకి నీళ్ళిస్తూ చెవిలో చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. పిస్టన్లు పైన కొంచెం చెక్కితే సరిపోతుంది, కానీ చక్రం పడ్డ పిస్టన్లని చెక్కనిస్తారా? రంగారావు వాటి పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు.

పిస్టను దించలేకపోతే మూతని ఎత్తాలి. మూత కింద గాలి పోకుండా ఒక రాగి రేకు ఉంటుంది, దాని మీద ఇంకోటి వేస్తే చాలు. అది కామందుగారికి చెప్పేదెలా? మీ తాతయ్య, కింద ఇంకో రాగి రేకు పెట్టాలండీ అని నసిగాడు. ఎందుకు, ఉన్నదానికేమైంది అని రంగారావు లేచాడు. శాస్త్రిగారు తాపీగా పొడుం పీల్చి, "మంచి ఆలోచన. రాగి రేకు మీద బీజాక్షరాలు రాసి యంత్రంగా వేస్తే ఈ బండికి ఇంక దిష్టి తగలదు. మీ పెదనాన్నగారి అబ్బాయి బండికి ఇటువంటిది ఉండదు" అన్నాడు. ఆ చివరి మాటతో కామందుగారు పడిపోయాడు. రాగి రేకు వచ్చింది. మీ తాతయ్య దాన్ని మూత కొలతకి కత్తిరించాడు. శాస్త్రిగారు మేకుతో అక్షరాలు గీస్తుంటే, "అంచున రాయండి స్వామీ, బోరు దగ్గర గీతపడితే గాలి పోతుంది" అని మీ తాతయ్య బతిమాలుకున్నాడు. యంత్రం వేశాక గణపతిని మళ్ళీ పెట్టాలి గదాండీ అని నేను గుర్తుచేశాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ నా ఒడి, మళ్ళీ నా దారం. ఈసారి అణా బిళ్ళ పక్కన పెట్టి చూశాను. సరిగ్గా ఉంది.

ముహూర్తానికి హ్యాండిలు రంగారావే తిప్పాడు, పేరు రావాలి గదా. ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని నేను గదిలో నేలమీద కూర్చుండిపోయాను, ఇల్లు నిలబడిందని. బయట కామందుగారు వంగి శాస్త్రిగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పట్టుపంచెల చాపు కప్పాడు. రంగారావుని కౌగిలించుకున్నాడు. తర్వాత మీ తాతయ్యని చూసి, నువ్వూ మధ్యమధ్య అడ్డం పడ్డావు గానీ బాగానే చేశావులే అన్నాడు. కారు బందరు వెళ్ళింది, ముందు గేట్లోంచే వెళ్ళింది. బంట్రోతు సలాం కొట్టాడట. మా షెడ్డు జోలికి ఎవరూ రాలేదు. మీ పెద్దమామయ్య ఆ గదిలోనే పుట్టాడు.

బండి స్టార్టయిన పూట భోజనం దగ్గర మీ తాతయ్య ముద్ద కలిపి చాలాసేపు నోట్లో పెట్టుకోలేదు. "షెడ్డు నిలబెట్టావే. కాదనను. కానీ నా చేతిలో కత్తి తీసుకుపోయి నీ ఒళ్ళో దాచావు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "దాచక ఏం చెయ్యమంటారు? మీ కొడుకుని కాలవ గట్టున కనమంటారా?" అన్నాను. అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇప్పటికీ అదే అంటాను, మళ్ళీ అట్లాంటిదొస్తే మళ్ళీ అదే చేస్తాను. కానీ ఆయన అన్నది కూడా అబద్ధం కాదురా.

తర్వాత ఏమయిందో విను. డెల్టాలో కారున్న ప్రతివాడూ, లారీ ఉన్న ప్రతివాడూ మా షెడ్డుకే. మేస్త్రీ కోసం కాదు, గణపతి కోసం. బయటి పిస్టను వేసినా, కంపెనీది వేసినా, ఆఖరికి చక్రానికి పంక్చరు వేసినా పసుపు ముద్ద పెట్టాలి. శాస్త్రిగారు కార్లలో తిరగటం మొదలుపెట్టాడు. తెనాలిలో, గుడివాడలో వేరే షెడ్లవాళ్ళు కూడా ముద్దలు పెట్టటం నేర్చుకున్నారు. అందరూ పెట్టారు, తిప్పారు, తీశారు, కళ్ళకద్దుకున్నారు. కోసినవాడు ఒక్కడు లేడు. ఒకాయన ముద్దని వెండి బరిణెలో పెట్టి దేవుడి గదిలో దాచుకున్నాడు. ఆ వారంలోనే ఆయన లారీ వాల్వు విరిగింది. ముద్ద చేసినవాడు మడి కట్టుకోలేదని తేల్చారు.

మీ తాతయ్య దగ్గర మాత్రం ఒక్క ఇంజనూ పగల్లేదు. ఎట్లా అంటే, బయట పూజ అయ్యేది, నేను ఒడి పట్టేదాన్ని, ముద్ద లోపలికి తెచ్చేదాన్ని. ఆయన నీళ్ళు తాగే వంకతో వచ్చి, తలుపు గడియపెట్టి, తువ్వాలులో దాచుకున్న కత్తితో కోసి, కిటికీ దగ్గర వెలుగులో చూసుకునేవాడు. తన షెడ్డులో తన పని, దొంగసొమ్ము చూసుకున్నట్టు చూసుకున్నాడు, షెడ్డు మూసేసేదాకా. రోడ్డు మీద పోయేవాళ్ళకి వినపడేటట్టు నాకంటే తెలిసినవాడెవడున్నాడు అనే మనిషి, ఆ తర్వాత ఒక్కనాడు ఆ మాట అనలేదు. నాకు ఇల్లు దక్కింది, ఆ గొంతు పోయింది. నేనిప్పుడు ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియదు, ఉండు, కొంగు...

సరే లే. పిండి కలిపిస్తాను, గోధుమ పిండే, ఇప్పుడు రేషనేం లేదుగా. ముద్ద పెట్టు, మూత బిగించు, చేత్తో తిప్పు. తీశాక మాత్రం లోపలికి తీసుకురాకు. గేటు బార్లా తీసి, వాకిట్లోనే, అందరి ఎదురుగా కొయ్యి. ఎవడన్నా వచ్చి ఏంటిదని అడిగితే, మందం చూస్తున్నానని గట్టిగా చెప్పు. ఆ ఒక్క ముక్క పైకి అనుకునే భాగ్యం మీ తాతయ్యకి దక్కలేదురా నాన్నా. నీకు దక్కాలి.